చివరి గుక్క

గిన్నె నిర్మల చేతిదాకా వచ్చింది. ఆమె ఒక గుక్క తాగి పక్కనున్న జ్ఞానమ్మకు అందించబోయింది.

జ్ఞానమ్మ చెయ్యి చాపలేదు.

"నాకు పడిశం పట్టింది పంతులమ్మా. ఈసారికి నేను తాగను."

ఆ పక్కామెకూ పడిశమే. ఆ వెనకామెకూ పడిశమే. గురజాల ఏసు గుళ్ళో ఆడవాళ్ళందరికీ ఆ ఒక్క ఆదివారమే కూడబలుక్కున్నట్టు పడిశం పట్టింది మరి.

అసలు సంగతి నిర్మల చేతులు. చలికాలం వస్తే చాలు, తోలు ఎండి, పొట్టు రేగి, వేళ్ళ సందుల్లో చీలి నెత్తురు వచ్చేది. మిషన్ బడిలో సుద్దముక్క పట్టుకుంటే ప్రాణం జివ్వుమనేది. ఎవరో పెద్దరోగం అన్నారు. లోకుల నోళ్ళకు మూకుళ్ళు లేవు కదా.

అమ్మా నాన్నా లేని పిల్ల. బడి, అద్దె గది, అంతే ఆమె లోకం. నెలకోసారి ప్రభువు బల్ల ఆదివారం నాడు, అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగేటప్పుడు మాత్రం తనకూ నలుగురున్నారని అనిపించేది. ఆ చోటు కూడా పోతే ఇక ఎవరున్నారు?

గిన్నె పట్టుకుని ఏం చేయాలో తోచక తల వంచుకుంది.

"ఇటియ్యి తల్లీ," అన్నది వెనకనుంచి ఒక గొంతు.

గుమ్మం పక్కన ఎవరో కొత్త ముసలామె. ఒంటినిండా దుప్పటి. చేతులు కొంగులో చుట్టుకునే గిన్నె అందుకుంది. నిర్మల పెదవి తగిలిన చోటే పెదవి ఆనించి తాగింది. అందరూ చూశారు.

నిర్మలకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆరాధన అయ్యాక ముసలామె ఆమెను ఎండలోకి పిలిచింది.

"నీళ్ళు ఎట్టాంటివి పోసుకుంటావు?"

"సలసల కాగేవండీ. అప్పుడే దురద తగ్గుద్ది."

"ఆ కాసేపే తగ్గేది, తర్వాత రెట్టింపు. గోరువెచ్చనివి పోసుకో. సున్నిపిండి మానెయ్యి. తడి ఒత్తుకుని, ఒళ్ళు చెమ్మగా ఉండంగానే కొబ్బరినూనె రాయి. ఉన్ని శాలువా ఒంటికి తగలనీమాక, లోపల పాత నూలుగుడ్డ వేసుకో. సుద్ద పట్టుకున్నాక చెయ్యి కడిగి మళ్ళీ నూనె."

నడుం దగ్గర దోపుకున్న సీసా తీసి ఇచ్చింది. ఊళ్ళో అందరి ఇళ్ళల్లో చలికి పేరుకుపోయే నూనె, ఆమె ఒంటివేడికి కరిగి ఉంది.

"మీకెట్టా తెలుసండీ ఇయన్నీ?"

"నాకూ చలికాలం పడదులే."

పేరు కాంతమ్మ అంది. సాగర్ ఆనకట్టకు లారీలు పోయే రోడ్డు పక్క పాకలో ఉంటున్నానంది. అంతకుమించి చెప్పలేదు, నిర్మలా అడగలేదు.

ఆపై నెల బల్లకూ చివర ఆ ఇద్దరే. నిర్మల తాగి ఇచ్చింది. అందుకుంటుంటే కాంతమ్మ కొంగు జారింది.

వేళ్ళు వంకర్లు పోయి ఉన్నాయి. తోలు తెల్లగా ఊడి ఉంది.

ఆ సాయంత్రమే ఇంటామె సుబ్బరత్నమ్మ కబురు మోసుకొచ్చింది.

"ఆ ముసలామెతో నీకు మాటలేందమ్మా? గుంటూరు అవతల కుష్టాస్పత్రి నించి వచ్చిందంట. నీ మంచికే చెప్తన్నా."

నిర్మల తన చేతులు చూసుకుంది. ఆ నూనేనా తను పగిలిన చేతులకు రాసుకున్నది? సీసా తీసుకెళ్ళి పెంట మీద పారేసింది. చేతులు అప్పటికే చానావరకు మానాయన్న సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

మరుసటి బల్లనాటికి చేతులు నున్నగా ఉన్నాయి. జ్ఞానమ్మకు పడిశం పోయింది.

"ఇట్టా వచ్చి నా పక్కన కూచో పంతులమ్మా," అని చాప మీద జరిగింది.

నిర్మల వెళ్ళి మధ్యలో కూర్చుంది. గిన్నె ఆమెను దాటి, జ్ఞానమ్మను దాటి, వరుస చివరిదాకా పోయింది. గుమ్మం దగ్గర కాంతమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని చాచింది.

రెండు నెలలుగా ఆడవాళ్ళ వైపు ఎవరు చివరో నిర్మలకే తెలుసు గనక పాస్టరు రాజారత్నం అయ్యగారు ఆమెనే అడిగారు.

"అందరూ అయినట్టేనా అమ్మా?"

నిర్మల గుమ్మం వైపు చూడలేదు.

"అయినట్టేనండీ."

గిన్నె వెనక్కి వెళ్ళిపోయింది. ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే. ముసలామె చేతులు దుప్పట్లోకి లాక్కుంది.

మళ్ళీ ఆమె గుళ్ళో కనిపించలేదు. పాక ఖాళీగా ఉందన్నారు. వెతకాలని నిర్మలకు తోచలేదు. తోచలేదని అనుకుంది.

ఎండలు ముదిరే వేళకు పిల్లల ఒళ్ళు పరీక్షించడానికి ఆ ఆస్పత్రి నుంచే ఒక డాక్టరమ్మ బడికి వచ్చింది. చివరికి నిర్మలా భయపడుతూనే చేతులు చాపి, చలికి చీలేవనీ తడి మీద నూనె రాస్తే మానాయనీ చెప్పింది.

"ఇది ఎగ్జిమా. చలికి రేగుతుంది, ఎవరికీ అంటదు. బాగా కాపాడుకున్నావే. తడి మీద నూనె రాయమని ఎవరు చెప్పారు?"

"కాంతమ్మగారని... మీ దగ్గర్నించే వచ్చిందంట."

డాక్టరమ్మ ఆమె చెయ్యి వదల్లేదు.

"ఆ పంతులమ్మవి నువ్వేనా? పోయిన వారమే మట్టి చేశాం. జ్వరంతో తిరిగొచ్చింది. ఆఖరిదాకా నీ మాటే. ఊరంతా దూరం పెట్టినా ఒక పంతులమ్మ మాత్రం తన చేత్తో నాకు గిన్నె అందించిందమ్మా అనేది."

 నిర్మల తల వంచుకుని అడిగింది.

"ఆమె రోగం... మరీ ముదిరిందాండీ?"

"ఏం రోగం? చేతులకు నీకున్న ఎగ్జిమాయే, వేళ్ళకు ముసలితనపు వాతం," అంది డాక్టరమ్మ. "అయినవాళ్ళు వదిలేసిన మా రోగుల పుళ్ళు వయసంతా కడిగిన నర్సమ్మ ఆమె."