మూత తీశాక

"మరి మూత తీసీసి ఏటి సేసిందమ్మా?"

వెనక వరసలోంచి వచ్చిందా ప్రశ్న.

సెక్టర్ 7 తెలుగు సంఘం హాల్లో ఆదివారం కథలు చదువుతారు. తనూజ అప్పుడే తన కథ ముగించి చప్పట్ల కోసం చూస్తోంది.

కుమ్హారి ఊరి దగ్గర ఫ్యాక్టరీ షెడ్డు మీంచి జారిపడి చనిపోయిన ఒక కాంట్రాక్టు కూలీ కథ అది. పేపర్లో చిన్న వార్త చూసి రాసింది. కొడుకు తినకుండా వదిలేసిన టిఫిన్ డబ్బా ఇంటికొస్తుంది. తల్లి మూత తీస్తుంది. కథ అక్కడ ఆగిపోతుంది.

అడిగినావిడ ఎవరో ఎవరికీ తెలియదు. అంత ఉక్కపోతలోనూ చీర మీద మగవాళ్ళ స్వెట్టరు వేసుకుంది. టీ, సమోసాల కోసం వచ్చి ఉంటుందనుకున్నారు.

"అంతే మామ్మా. కథ అయిపోయింది," అంది తనూజ.

"అయిపోతే ఎలాగమ్మా? ఆ అన్నం తిన్నాదా, పారబోసిందా?"

హాలంతా గొల్లున నవ్వింది.

"అది చదివేవాళ్ళే ఊహించుకోవాలి మామ్మా. కథ రాయడంలో అదో పద్ధతి."

"నాకు ఊహకి రాటం లేదమ్మా," అందావిడ.

అప్పటికే సమోసాలు వచ్చేశాయి. ఆ మాట ఎవరు వింటారు?

తర్వాతి ఆదివారం ఆవిడ తనూజ కోసం గేటు దగ్గరే కాపు కాసింది. ఆ పై ఆదివారమూ అంతే.

"ఆ తల్లి రేత్రి పడుకుందా? తెల్లారి పొయ్యి ఎలిగించిందా?"

"అరే, నా బుర్ర తినకు మామ్మా!"

ఇంకో ఆదివారం వచ్చేసరికి తనూజ అసలే మండిపోతోంది. పోటీకి పంపిన కథ తిరిగొచ్చింది. రచయిత్రి అనిపించుకోవాలని ఎంత ఆశ పెట్టుకుందో! సంపాదకుడు గురునాథరావు ఫోన్లో ఒకటే మాటన్నాడు.

"కూలీ చచ్చాడు, సరే. తల్లి ఏదమ్మా? పేరుకి ఉంది గానీ ఆవిడకి ప్రాణం లేదు."

ఆ కోపంలో ఉండగా స్వెట్టరు మామ్మ ఎదురొచ్చింది.

"సెప్పమ్మా. రాసినదానివి నువ్వు, నీకు తెలుస్తాది. ఏటి సేసింది?"

"ఏం చేస్తుంది? ఆ రోజు నుంచి మెతుకు ముట్టలేదు. కొడుకు దగ్గరికే పోయింది. బస్! ఇంక నా వెంట పడకు!"

ఆవిడ ముఖం తేటపడింది.

"అలాగా," అంది. "అదీ. ఇప్పుడు కుదిరింది."

తనూజ తల నిమిరి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

పీడ విరగడైందనుకుంది తనూజ.

రెండు మూడు నెలలు గడిచినా గురునాథరావు మాట మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది. నిజమే కదా! తల్లి గురించి రాసింది గానీ, తను ఆ తల్లి ఇంటి గడప తొక్కిందా? ఒక్కసారైనా పలకరించిందా? ఈసారి చూసి రాయాలి. ఆవిడ ఎలా బతుకుతోందో అడిగి, ముగింపు మార్చి రాయాలి.

పేపర్లో పడ్డ ఇమ్మాను అన్న పేరు పట్టుకుని, వాళ్ళనీ వీళ్ళనీ అడిగి ఇల్లు తెలుసుకుంది. స్కూటీ మీద కూలీలుండే క్యాంప్ 2 సందుల్లోకి వెళ్ళింది.

ఇంటికి తాళం వేసి ఉంది.

"ఇమ్మాను వాళ్ళమ్మ కోసమా?" అంది పక్కింటి సూర్యావతి. "కాంతం పోయి నెల దాటింది కదమ్మా."

"అయ్యో! ఏమైంది?"

"తిండి మానీసింది. ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టినా పళ్ళు బిగించీసేది. పాస్టరు గారొచ్చి బతిమాలినా వినలేదు."

"అదేంటి? ఎందుకలా?"

సూర్యావతి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ఎవరో పాప ఇమ్మాను మీద కథ రాసిందని తెలుగు సంఘంలో సెప్పుకున్నారట. ఈ పిచ్చిది చర్చి మానుకుని, కొడుకు స్వెట్టరేసుకుని ఆదివారం ఆదివారం ఆ పాప దగ్గరికే ఎల్లేది. కథలో తల్లి ఏటి సేసిందో అడిగి, నానూ అదే సేస్తాననీది."