పాస్ ముద్ర

“ఈ పెట్టె మీద పాస్ ముద్ర నేనెయ్యను బాబూ!” పగిలిన బోల్టును యజమాని సోమశేఖర్ బల్ల మీదికి విసిరాడు పైడిరాజు. టాటానగర్ దగ్గరి పర్సుడీహ్‌లో ఉన్న ఆ బోల్టుల కార్ఖానాలో సరుకు పరీక్షించేది అతనే.

సోమశేఖర్ నవ్వాడు. “విదేశీ బోల్టుల మీద సుంకం పెరిగింది కదా! రైల్వేవాళ్లు మన దగ్గర కాక ఇంకెక్కడ కొంటారు?”

పైడిరాజుకు ఒళ్లు మండింది. ఆ సుంకం పెంచమని ఎండలో నినాదాలిచ్చింది తనే. ఎవరి లాభానికి గొంతు చించుకున్నాడో ఇప్పుడర్థమైంది.

“నవ్వుతన్నారేటి? మా పని నిలబెట్టమని అరిసినాం గానీ, నాసిరకం అమ్ముకోమని కాదు. ఈ బోల్టులు బిగించే పట్టాల మీదే మా తమ్ముడు బండి నడుపుతన్నాడు!”

“ముద్ర వెయ్యకపోతే ఇంటికి నడు.”

పైడిరాజు సుత్తి అందుకుని పెట్టెలోంచి మరో నాలుగు బోల్టులు తీసి కొట్టాడు. మూడు పగిలాయి. ఆ ముక్కల్ని తువ్వాలులో మూటగట్టుకుని టాటానగర్ రైల్వే ఆఫీసు దారి పట్టాడు.