గోతిలో రెండో మనిషి

పిలవకుండానే గోతిలోకి దిగాడతను.

బెల్‌గాసెమ్‌కి ఒళ్ళు మండిపోయింది. అమ్మను మట్టిలో పెట్టే వేళ, ముక్కూ మొహం తెలియనివాడు పక్కన నిలబడి చేతులు చాచడమేమిటి?

"ఎవరయ్యా నువ్వు? ఎక్కడికి దిగావో తెలుస్తోందా?"

"తెలుసు. నువ్వు తల వైపు పట్టుకో. కాళ్ళ వైపు నేను అందుకుంటాను."

పైన నలుగురు దుప్పటి అడ్డం పట్టుకున్నారు. ఆడమనిషిని దించేటప్పుడు పరాయి కన్ను పడకూడదు. దించే చేతులూ సొంతవాళ్ళవే కావాలి. బతికుండగా ఆమె ఎవరి ముందు ముసుగు వేసుకోనక్కర్లేదో, వాళ్ళే దిగాలి.

బెల్‌గాసెమ్ ఒక్కడే కొడుకు. మేనమామలు ఎప్పుడో పోయారు. పొద్దుటినుంచీ ఆ ఒంటరితనం అతన్ని కాల్చేస్తోంది. ఆ కోపం వెళ్ళగక్కడానికి ఇప్పుడొక మనిషి దొరికాడు.

"మా అమ్మ ఏనాడూ పరాయి మగాడికి మొహం చూపించలేదు. చచ్చాక నీ చేతుల్లో పెట్టనా?"

"నాకూ హక్కుంది."

"హక్కా! మా నాన్నేమైనా రాసిచ్చాడా?"

అప్పుడు కనపడ్డాయి అతని చేతులు. నిండా నిప్పురవ్వలకు కాలిన మచ్చలు.

"కమ్మరోడు. అవతలి ఒయాసిస్సు మనిషిలా ఉన్నాడు," అన్నారెవరో పైనుంచి.

"కమ్మరోడివా! మా నాన్నే ఉంటే నిన్ను గడప తొక్కనిచ్చేవాడా? ఎక్కు పైకి!"

అతని మొహం కందిపోయింది. పిడికిలి బిగిసింది. ఏదో అనబోయి తల పైకెత్తాడు. పాడె మీద, ఎండలో, ఆమె ఎదురుచూస్తోంది.

అనబోయిన మాట మింగేశాడు.

"ఆమెను ఎండలో ఉంచొద్దు," అని మాత్రం చెప్పి, పైకెక్కాడు.

"సిగ్గులేని జన్మ!" అన్నాడు బెల్‌గాసెమ్, వినపడేలాగే.

అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. తల పట్టుకుంటే కాళ్ళు జారాయి. చివరికి నమాజు చదివించిన షేక్ గారు సరేనంటే, గోతులు తవ్వే సాద్ దిగి కాళ్ళు పట్టుకున్నాడు.

కుడివైపుకి తిప్పి పడుకోబెట్టారు. కఫన్ గుడ్డ ముళ్ళు విప్పారు. రాతిపలకలు పేర్చి మట్టి కప్పారు.

అందరి వంతూ అయ్యాక ఆ కమ్మరి వచ్చాడు. మూడు గుప్పిళ్ళ మట్టి వేశాడు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా, రోడ్డు మీద ఆగిన లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంటి గుమ్మంలోనే పిన్ని ముబార్కా ఎదురొచ్చింది.

"అమ్మను దించావా నాయనా?"

"దించాను పిన్నీ."

"కాళ్ళ వైపు ఫర్హాత్ అందుకున్నాడా? పొద్దున్నే వాడికి కబురు పెట్టాను."

"ఏ ఫర్హాత్?"

"చేతుల నిండా కాలిన మచ్చలుంటాయి."

బెల్‌గాసెమ్ మళ్ళీ భగ్గుమన్నాడు.

"వాణ్ణి పిలిచింది నువ్వా? అమ్మ గోతిలోకి కమ్మరోణ్ణా? మెడపట్టి గెంటాను!"

"గెంటావా? మరి కాళ్ళు ఎవరు పట్టుకున్నారు?"

"సాద్."

ముబార్కా నెత్తి కొట్టుకుంది. ఏడుస్తున్న ఆడవాళ్ళంతా ఏడుపు ఆపి ఇటే చూశారు.

"పరాయివాడి చేత పట్టించావట్రా! పోయేముందు నా చెయ్యి పట్టుకుని అక్క అడిగింది అదొక్కటే. నన్ను వాళ్ళిద్దరే దించాలి అంది."

"వాళ్ళిద్దరేంటి? వాడెవడు?"

"ఆ పేరు ఇంట్లో వినపడితే తలాకే అన్నాడు మీ నాన్న. ఆయన పోయాకా అక్క నోరు విప్పలేదు. నీకూ ఆయన పొగరే వచ్చిందని భయపడి చచ్చింది."

"పిన్నీ, వాడెవడు?"

"పురిట్లోనే తల్లిని పోగొట్టుకున్న కమ్మరి బిడ్డ. పాలు తాగిన బిడ్డ ముందు ఏ తల్లికైనా ముసుగెందుకురా? నీకో రొమ్మూ వాడికో రొమ్మూ ఇచ్చి పెంచింది మా అక్క, నువ్వు గోతిలోంచి గెంటింది ఆవిడ రెండో కొడుకుని!"