రెండో చప్పుడు

మా అన్నయ్య బాస్కెట్‌బాల్ ఆటకి ఒకప్పుడు స్టేడియాలు ఊగిపోయేవి. ఇప్పుడు నలభై దాటాయి, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అయినా జంప్ షాట్ ఇంకా కుదరలేదంటూ రాత్రుళ్లు ఖాళీ కోర్టులో ఒక్కడే సాధన చేస్తాడు. ఆ మొండితనానికి దండం పెట్టాలి.

ఈ రాత్రి ఇంటికి తీసుకెళదామని వెళ్లి, గోడవారగా కూర్చున్నాను. అన్నయ్య ఎగిరి బంతి వేశాడు. బూట్లు నేలను తాకిన చప్పుడు. క్షణం ఆగి, అచ్చం అలాంటిదే ఇంకో చప్పుడు. కోర్టులో మేం తప్ప ఎవరూ లేరు.

మళ్లీ ఎగిరాడు. మళ్లీ రెండు చప్పుళ్లు.

"అన్నయ్యా, ఎవరది?" అని అడిగాను.

"నీకూ వినిపిస్తోందా?" చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "ఎవడో తెలీదురా. రోజూ నాకంటే ఆలస్యంగా దిగుతాడు. అంటే నాకంటే పైకి ఎగురుతున్నాడన్నమాట. వాణ్ణి దాటకుండా ఇంటికెలా వస్తాను?"

"నీకేమైనా పిచ్చా? పద, వదిన ఎదురుచూస్తోంది."

"ఇదొక్కటీ వేసి వచ్చేస్తా."

మోకాళ్లు వంచి, ఊపిరి బిగబట్టి పైకి లేచాడు. బంతి నెట్‌లోంచి మెత్తగా జారింది. బూట్ల చప్పుడు వినిపించింది. హమ్మయ్య, దిగాడనుకుని లేచి నిలబడ్డాను.

అన్నయ్య ఇంకా గాల్లోనే ఉన్నాడు.