భుజం మీద చెయ్యి

"ఈ చెయ్యి తీసేయాలి," అంది ఆమె, సగానికి కత్తిరించిన పాత ఫోటోను కౌంటర్ మీద పెట్టి.

స్టూడియోలో పాడైన ఫోటోలు బాగుచేసే ముసలాయన కళ్లజోడు సర్దుకుని చూశాడు.

ఫోటోలో ఒక పడుచు నవ్వుతోంది. రంగు వెలిసిపోయింది, చెంప మీదుగా మడత గీత, మూలల్లో బూజు మచ్చలు. పక్కన నిలబడ్డ మనిషిని ఎవరో కత్తెరతో కోసేశారు గానీ, ఆమె భుజం మీద అతను వేసిన చెయ్యి మాత్రం ఉండిపోయింది.

ముసలాయన ఎంతసేపటికీ తలెత్తడే!

"ఈవిడ మీకేమవుతారు?" అన్నాడు చివరికి.

"మా అమ్మ. ఈమధ్యే పోయింది."

మనిషన్నాక అయ్యో పాపం అనైనా అంటాడు కదా. అదీ లేదు. మళ్లీ ఫోటోలోకి తల దూర్చేశాడు.

వాళ్లమ్మకు ఫోటోలంటే గిట్టేది కాదు. పెట్టె అడుగున దొరికిన ఈ సగం ముక్క తప్ప, నవ్వుతున్న ఫోటో ఇంట్లో మరొకటి లేదు. ఆదివారం బంధువులు వచ్చేసరికి అమ్మ గోడ మీద ఉండాలి, ఒక్కతే ఉండాలి. కూతురి పట్టుదల అది.

చెయ్యి ఎవరిదని ఆయన అడగలేదు. ఆమే చెప్పింది.

"మా నాన్న అనే మహానుభావుడిది. నేను కడుపులో ఉండగానే అమ్మని వదిలేసి పోయాడట. ఆ మనిషి వేలిగోరు కూడా మా గోడ మీద ఉండటానికి వీల్లేదు."

"అలాగేనమ్మా," అన్నాడు ముసలాయన.

రేపు రమ్మన్నాడు. వెళితే ఎల్లుండి అన్నాడు. చెంప మీద గీత పోయింది, బూజు మచ్చలు పోయాయి, రంగు తిరిగొచ్చింది. చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉంది. ఆమె వెళ్లినప్పుడల్లా ఆయన తెర నిండా అమ్మ మొహాన్ని పెద్దది చేసి పెట్టుకుని, పని మానేసి అలా చూస్తూ కూర్చుని ఉండేవాడు.

ఇవేం చూపులు? ఆమెకు ఒళ్లు మండింది. వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదనుకుంది.

"ఒక్క చెయ్యి తుడవడానికి ఇన్ని రోజులాండీ?"

"తుడవడం క్షణం పనమ్మా. తుడిచాక దాని కింద ఏమీ ఉండదు. అక్కడ ఏముండేదో మళ్లీ నేను వెయ్యాలి."

"ఏముంటుంది, జాకెట్టే కదా. ఏదో ఒకటి వేసెయ్యండి."

శనివారం సాయంత్రానికి ప్రింటు చేతికొచ్చింది. దిద్దిన జాడే లేదు. అమ్మ ఒక్కతే, ఎవరి చేతి బరువూ లేకుండా నవ్వుతోంది. కూతురి కళ్లు చెమర్చాయి. ఆయన మీద కోపం కూడా పోయింది.

అప్పుడే ఆయన నసిగాడు. పాత ఫోటో స్కాన్ ఒకటి తన దగ్గర ఉంచుకోవచ్చా అని.

పోయిన కోపం రెట్టింపై వచ్చింది.

"మా అమ్మ ఫోటో మీకెందుకండీ?"

"ఊరికేనమ్మా. చేసిన పని గుర్తుంటుందని..."

ఆడవాళ్ల ఫోటోలతో ఈ రోజుల్లో ఎన్ని వెధవ పనులు జరుగుతున్నాయో తనకు తెలుసనీ, పెద్దవాడు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాననీ నలుగురూ వినేలా దులిపేసింది. లోపలి నుంచి యజమాని పరిగెత్తుకొచ్చాడు. ఆమె ముసలాయన వెనకే నిలబడి, ఆ ఫోటో ఫైళ్లన్నీ డిలీట్ చేయించింది. ఆపైన పాత ఫోటోను ముక్కలు ముక్కలుగా చింపి చేతిసంచిలో వేసుకుంది.

ముసలాయన ఖాళీ అయిన తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం పెద్దమ్మ వచ్చింది. ఫోటో చూసి, చెల్లెలు ఎదురొచ్చినట్టే ఉందని తెగ ఏడ్చి, తనకూ ఒక కాపీ కావాలంది. కూతురు స్టూడియోకి ఫోన్ చేసింది. ఫైళ్లన్నీ మీరే తీయించేశారు కదమ్మా, అన్నాడు యజమాని. ముసలాయన రాత్రే పని మానేసి వెళ్లిపోయాడట, ఎక్కడికో ఎవరికీ చెప్పలేదట.

పీడ విరగడైందనుకుంది.

ఈలోగా పెద్దమ్మ ఫోటోకి బాగా దగ్గరగా వెళ్లింది.

"ఈ పువ్వు ఎవరు వెయ్యమన్నారే?"

జాకెట్టు భుజం మీద బఠాణీ గింజంత దారం పువ్వు. కూతురు దాన్ని అప్పుడే చూసింది. చెయ్యి కింద బోసిగా ఉంటుందని ఆ ముసలాయన కల్పించి ఉంటాడంది.

"కల్పించడమేంటి? ఇస్త్రీ పెట్టె అంటుకుని అక్కడ చిల్లు పడితే, నేనే పువ్వు కుట్టి మూశాను. అతుకు జాకెట్టుతో ఫోటో ఏంటని మీ అమ్మ మొహం ముడుచుకుంటే, అది కనబడకుండా మీ నాన్న చెయ్యి అడ్డం పెట్టి నవ్వించాడు."

"ఆ నాన్నేగా వదిలేసి పోయింది," అంది కూతురు.

పెద్దమ్మ కుర్చీలో కూలబడింది.

"వదిలేసి పోలేదే తల్లీ. మీ తాతయ్య గెంటేశాడు. పారిపోయాడని మీ అమ్మకి చెప్పాం. కడుపు పోయిందని అతనికి చెప్పాం." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఆ పువ్వు సంగతి మా ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెలియదు."

కూతురు ఫోటోలోని ఆ పువ్వు మీద వేలు పెట్టింది. నిన్న సాయంత్రం నలుగురిలో దులిపేసి, అమ్మ ఫోటో ఒక్కటైనా ఆయనకు మిగలకుండా తాను తుడిపించేసింది నాన్న చేతనే.