ఊపిరి పెట్టె చెప్పని మాట

ఆరోగ్య సేవాసంస్థ ఇంటింటికీ ఉచితంగా పెట్టిన ఊపిరిని, దగ్గును కనిపెట్టి సలహా చెప్పే ఊపిరి పెట్టె ఆ ఉదయం మళ్లీ పలికింది: "దేవదానం గారూ, మీ దగ్గు పెరిగింది. ఇంట్లో దుమ్ము తగ్గించండి."

"విన్నావుగా?" అంటూ దేవదానం సిగరెట్ వెలిగించాడు. భార్య మార్తమ్మ ఆ పూట ఇల్లు ఊడవడం అది మూడోసారి.

పెట్టెను చూడటానికి వచ్చిన సంస్థ ఉద్యోగిని సలోమిని ఆమె నిలదీసింది. "నిరుడు ఇదే పెట్టె సిగరెట్ మానమని పోరేది. ఈయన మానాడు కూడా. ఇప్పుడు మళ్లీ మొదలెట్టినా ఆ ఊసే ఎత్తదేం?"

"మా సంస్థ చైర్మన్, సిగరెట్ కంపెనీ యజమాని ఇద్దరూ హోటళ్ల వ్యాపారంలో భాగస్తులు పిన్నీ." సలోమి గొంతు తగ్గించింది. "కంపెనీ ఆయన అడిగితే మా చైర్మన్ పెట్టెలోంచి ఆ మాట తీయించేశారు. అన్ని ఇళ్లలోనూ ఇంతే."

"అంటే వాళ్ల పొగకి మేం ఊడవాలా?" మార్తమ్మ చీపురు ఆమె చేతిలో పెట్టింది. "తీసుకెళ్లి మీ చైర్మన్‌కివ్వు. దుమ్ము మా ఇంట్లో లేదని చెప్పు."