కొంగ బొమ్మ టోపీ

“మళ్ళీ గెలిచారంట,” అన్నాడు ఏబెల్ ఫోన్లో. గొంతులో సంతోషమన్నది లేదు.

“గెలిచారా! దేవునికి స్తోత్రం,” అంది ప్రవల్లిక, తెరెసాను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంటూ. “అయితే సంతకం పెట్టేసుంటారు మీ వాకర్ సారు.”

“సంతకం లేదు, ఏం లేదు. కాగితం చూపిస్తే టోపీ కళ్ళమీదకి లాక్కుని, ఇవాళ కాదు పొమ్మన్నాడు. బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. కప్పు ఎగిరి కింద పడింది.”

“గెలిస్తే గుద్దుతాడేంటండీ?”

“నాకేం తెలుసు వల్లీ!”

ప్రవల్లికకు బుర్ర తిరిగిపోయింది. ఏబెల్ ఉద్యోగం ఊరికి దూరంగా, ఎడారిలోని దుఖాన్ చమురు బావుల దగ్గర, పడక బ్యాచిలర్ల గదిలో. ఈ దేశంలో సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి గురువారం సాయంత్రం వచ్చి శనివారం వెళ్ళిపోతాడు. ఇక్కడ నగరంలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ పేటలో నలుగురు పంచుకున్న విల్లాలో ఒక్క గది, రెండేళ్ళ తెరెసా, ఆ పిల్లకు ఆయాసం. పిల్ల ఛాతీ పిల్లికూతలు కూసినప్పుడల్లా పక్కగది సుర్రయ్యా తలుపు కొట్టడం తప్ప ప్రవల్లికకు దిక్కు లేదు. దుఖాన్‌లో రెండు గదుల క్వార్టరు ఖాళీగా ఉంది. రోడ్డు దాటితే క్లినిక్కు. ఏబెల్ పై అధికారి వాకర్ సారు ఒక్క గీత గీస్తే చాలు. క్రిస్మస్‌లోగా గీయకపోతే అది ఇంకొకరికి పోతుంది.

ఆయన బట్టతలతో నిగనిగలాడుతూ తిరిగే మనిషి. సెప్టెంబరులో ఉన్నట్టుండి నీలం టోపీ పెట్టాడు. దాని మీద తెల్ల కొంగ. ఆఫీసులో అదే, క్యాంటీన్లో అదే, పెద్ద పెద్దవాళ్ళ మీటింగులోనూ అదే. ఏబెల్ ఫోన్లో వెతికితే అది అమెరికాలో ఏదో ఫుట్‌బాల్ జట్టు గుర్తని తేలింది.

“టోపీ దించనంత పిచ్చంటే ఆ జట్టు ఆయన ప్రాణమన్నమాట,” అంది ప్రవల్లిక అప్పట్లో. “వాళ్ళు గెలిస్తే మనసు కరుగుతుంది. మనం ప్రార్థనలో పెడదాం.”

ఆ శుక్రవారమే చర్చిలో స్త్రీల కూటమి నడిపే అమృతమ్మగారి దగ్గర మనవి పెట్టింది.

“జట్టా?” అన్నారు అమృతమ్మగారు కళ్ళజోడు సర్దుకుంటూ. “విశ్వాసులేనా వాళ్ళు?”

“తెలీదండీ ఆంటీగారూ. కోడిగుడ్డు లాంటి బంతిని చంకలో పెట్టుకుని పరిగెడతారంట. మిగతావాళ్ళు వెంటపడి, మీదపడి తొక్కేస్తారంట.”

“అయ్యో, అంత హింసలో ఉన్నారా పాపం!” అని ఆవిడ వెంటనే చేతులెత్తారు. నలభై గొంతులు ఆమెన్ అన్నాయి.

జట్టు గెలిచింది. మరుసటి వారమూ గెలిచింది. అక్టోబరు గడిచింది, నవంబరు వచ్చింది, కొంగలకు ఎదురు లేదు. ఇక్కడ మాత్రం సోమవారం వచ్చిందంటే వాకర్ సారు ముఖం ఆముదం తాగినట్టే. ఒక్క వారం జట్టుకు ఆట లేదు, విశ్రాంతి. ఆ సోమవారం ఆయనే అందరికీ యాలకులేసి మరిగించిన కరక్ చాయ్ తెప్పించాడట. ఏబెల్ కాగితం తీసేలోపే ఫీల్డు నుంచి పిలుపొచ్చి వెళ్ళిపోయాడు.

“ఆట లేకపోతే నవ్వుతాడు, గెలిస్తే ఏడుస్తాడు. ఇదెక్కడి మనిషండీ!”

“మీ దొరకి చాలీచాలని గెలుపు ఆనడం లేదేమో,” అని అమృతమ్మగారు తేల్చారు. “ఉపవాస ప్రార్థన పెడదాం అమ్మాయ్.”

పెట్టారు. కొంగలు అవతలివాళ్ళను ముప్పై పాయింట్ల తేడాతో మట్టి కరిపించాయి. సోమవారం వాకర్ సారు ఏబెల్ నమస్కారానికి తలైనా తిప్పలేదు.

క్రిస్మస్ ఇంకా పది రోజులుందనగా, శనివారం, దుఖాన్ బీచిలో కంపెనీ కుటుంబాల విందు. ఇక ఏబెల్‌ను నమ్ముకుంటే లాభం లేదనుకుని ప్రవల్లిక పిల్లను ఎత్తుకుని తనే వెళ్ళింది. వాకర్ సారు పొయ్యి దగ్గర నిలబడి చికెన్ కాలుస్తున్నాడు. నీలం టోపీ అంచంతా చెమట ఉప్పుతో తెల్లగా చారలు కట్టింది.

ఇంటర్ మధ్యలో ఆగిపోయిన ఇంగ్లీషును ప్రవల్లిక కూడదీసుకుంది. “సార్, ఎవ్రీ ఫ్రైడే అవర్ చర్చి ప్రేయింగ్. యువర్ టీమ్. ఫార్టీ పీపుల్. ఫాస్టింగ్ ఆల్సో.”

ఆయన చేతిలో పట్టకారు ఆగిపోయింది. ప్రవల్లిక వేలు చూపించిన టోపీ మీది కొంగను మునివేళ్ళతో తడుముకున్నాడు.

“ఎప్పటినుంచి?”

“సెప్టెంబర్, సార్.”

చికెన్ మాడుతోంది. ఆయన చూడడం లేదు. ఏబెల్ పరిగెత్తుకొచ్చి భార్య చెయ్యి పట్టి లాగబోయాడు.

“ఆ కాగితం తే,” అన్నాడు వాకర్ సారు.

కారు బానెట్ మీద పెట్టి సరసరా సంతకం గీకాడు. ఇవ్వబోతూ మళ్ళీ వెనక్కి లాక్కుని, “ఒక్క షరతు. మీ చర్చివాళ్ళను ఆ ప్రార్థన ఆపెయ్యమను. ఇవాళే,” అన్నాడు. ఆ పైన రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

ప్రవల్లిక కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. ఆయన అటు వెళ్ళగానే, “ఏంటండీ ఇది? ప్రార్థన వద్దనేవాడు ఉంటాడా? మనవల్ల ఏమైనా తప్పు జరిగిందా?” అని గుసగుసలాడింది.

కారుకు ఆనుకుని ఉన్న డ్రైవర్ జహాంగీర్ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. అతనిది నిజామాబాద్, నాలుగేళ్ళుగా సారు బండి అతనే నడుపుతున్నాడు.

“నవ్వుతావేంటి తమ్ముడూ? నీకు తెలిస్తే చెప్పరాదా?”

“నన్ను ఎవ్వరన్న అడిగిన్రా అక్కా?” అన్నాడు జహాంగీర్ కళ్ళు తుడుచుకుంటూ. “ఎప్పుడు ఓడేటియే గదా అని, ఆ కొంగలు ఒక్క ఆట ఓడేదాంక టోపీ తియ్యనని సారు పందెం కట్టిండు.”